మైక్రోసర్వీసులు ఎప్పుడు, ఎందుకు: ఆరు వారాల ఆన్‌లైన్ శిక్షణపై ఒక సమీక్ష

ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌ను విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా విడగొడితే వచ్చే మైక్రోసర్వీసులను ఎలా నిర్మించాలో నేర్పే శిక్షణలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిని ఎప్పుడు నిర్మించాలో, అసలు నిర్మించవలసిన అవసరం ఉందో లేదో తేల్చుకోవడం నేర్పే శిక్షణ మాత్రం నాకు ఇంతవరకు ఇదొక్కటే తారసపడింది. వారానికి రెండు తరగతుల చొప్పున ఆరు వారాల పాటు సాగిన ఈ ఆన్‌లైన్ శిక్షణను నేను ఇటీవలే పూర్తి చేశాను. మొత్తం పన్నెండు తరగతులు, మూడు ప్రయోగాలు, చివర ప్రతి ఒక్కరూ తమ సొంత ప్రాజెక్టు మీద రాయవలసిన ఒక నివేదిక ఇందులో ఉన్నాయి. లోపాలను కూడా మొహమాటం లేకుండా రాయదలిచాను కాబట్టి సంస్థ పేరు ప్రస్తావించడం లేదు. ఇలాంటి శిక్షణను ఎంచుకునేటప్పుడు అందులో ఏమేమి ఉన్నాయో వెతకాలన్నది తెలిస్తే పాఠకులకు పేరు కంటే ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం.

నేను ఇందులో ఎందుకు చేరానో ముందుగా చెప్పాలి. మా జట్టులో మేము ఏడుగురం. మూడేళ్ళ క్రితం మా ఆర్డర్ల నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను పదకొండు సర్వీసులుగా విడగొట్టాం. కోడ్ శుభ్రపడుతుందని, వాడేవాళ్ళు పెరిగినా వ్యవస్థ తట్టుకుంటుందని, ఎవరి పని వాళ్ళు చేసుకుపోవచ్చని అప్పట్లో అందరం నమ్మాం. తీరా జరిగింది వేరు. చిరునామాలో ఒక కొత్త గడి చేర్చాలంటే నాలుగు రిపోజిటరీలలో (కోడ్ భద్రపరిచే చోట్లలో) కోడ్ మార్చి, ఆ నాలుగింటినీ ఒకే రాత్రి, ఒక నిర్దిష్టమైన వరుసలో రిలీజ్ చేయవలసి వచ్చేది. వరుస తప్పిందంటే ఆర్డర్లు మధ్యలో నిలిచిపోయేవి. పదకొండు సర్వీసులూ ఒకే డేటాబేస్‌లోని టేబుళ్ళను నేరుగా చదివేవి, రాసేవి. ఈ స్థితిని డిస్ట్రిబ్యూటెడ్ మోనోలిత్ అంటారని, అంతా ఒకే ప్రోగ్రాముగా ఉండే మోనోలిత్ కష్టాలు, నెట్‌వర్క్ కష్టాలు రెండూ కలిసి వచ్చే అమరిక ఇదేనని నాకు ఈ శిక్షణ రెండో తరగతిలో తెలిసింది. ఆ తరగతి అయ్యాక చాలాసేపు నాకు మరో పని తోచలేదు.

మొదటి తరగతి పూర్తిగా చరిత్రకే కేటాయించారు. చరిత్ర ఎందుకని విసుక్కునేవాళ్ళు ఉండవచ్చు కానీ, నా దృష్టిలో శిక్షణకు పునాది ఆ తరగతే. వ్యవస్థలను రూపొందించే సంస్థల్లో మాటలు ఏ దారిన నడుస్తాయో, అవి రూపొందించే వ్యవస్థల ఆకృతి కూడా అదే దారిలో ఉంటుందని మెల్విన్ కాన్వే 1968లో రాశారు. ప్రోగ్రామును ఫ్లోచార్టులోని అంచెల ప్రకారం విడగొట్టకూడదని, మున్ముందు మారే అవకాశం ఉన్న నిర్ణయం ఒక్కొక్కదాన్ని ఒక్కో మాడ్యూల్ లోపల దాచాలని డేవిడ్ పార్నస్ 1972లో వాదించారు. మైక్రోసర్వీస్ అన్న మాట మాత్రం 2011లో వెనిస్ దగ్గర జరిగిన ఒక సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టుల సమావేశంలో వినిపించి, మరుసటి ఏడాదికి పేరుగా స్థిరపడింది. 2014 మార్చిలో జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో అది లోకమంతా పాకింది. విడగొట్టడం అన్న ఆలోచన అరవై ఏళ్ళ నాటి సంగతి అయితే, ప్రతి ముక్కను వేరే ప్రాసెస్‌గా నడిపి, దానిని ఒక జట్టుకు అప్పగించి, విడిగా రిలీజ్ చేయడం మాత్రమే కొత్త సంగతి అని బోధకురాలు తేల్చి చెప్పారు. మా జట్టు మూడేళ్ళ క్రితం ఆశించింది మొదటిదాన్ని. అందుకోసం చెల్లించింది మాత్రం రెండోదాని మూల్యం.

శిక్షణలోని అసలు సారం మూడు, నాలుగు తరగతుల్లో ఉంది. మిగతా ఎవరినీ అడగకుండా, మిగతా దేనినీ ఆపకుండా, ఒక మంగళవారం మధ్యాహ్నం మీ వ్యవస్థలోని ఏ భాగాన్ని మీరు రిలీజ్ చేయగలరు అన్నది ఆమె అందరికీ వేసిన మొదటి ప్రశ్న. చాలామంది దగ్గర సమాధానం లేదు. మైక్రోసర్వీసుల వల్ల కలిగే ప్రధాన లాభం ఈ స్వతంత్రమైన రిలీజేనని, ఆ స్వాతంత్ర్యం అవసరమయ్యేది యంత్రాలకు కాదని, ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ నిలిచిపోయిన జట్లకని ఆమె వాదన. మిగతా లాభాల్లో చాలావాటిని వేరే మార్గాల్లోనూ పొందవచ్చు. కోడ్ శుభ్రంగా ఉండాలంటే ఒకే ప్రోగ్రాములో గట్టి హద్దులున్న మాడ్యూళ్ళు చాలు. వాడకం పెరిగితే అదే మోనోలిత్‌ను పది కాపీలుగా నడిపి, ముందు రద్దీని వాటి మధ్య పంచే ఒక లోడ్ బ్యాలెన్సర్ పెట్టవచ్చు. ఒక భాగానికి మాత్రమే భిన్నమైన యంత్రాలు కావలసినప్పుడు విడదీయడానికి బలమైన కారణం ఏర్పడుతుంది. ఉదాహరణకు, చిత్రాలను శుద్ధి చేసే పనికి మెమొరీ విపరీతంగా కావలసి, మిగతా పనులకు అంతగా అక్కర లేకపోతే, అందరికీ పెద్ద యంత్రాలు కొనడం వృథా. అలాగే కార్డుల వివరాలను తాకే భాగాన్ని భద్రతా తనిఖీల కోసం వేరుగా ఉంచడం, ఒక భాగం కూలినా మిగతాది నిలబడి తీరాలన్న నియమం ఉండడం కూడా న్యాయమైన కారణాలే.

నెట్‌ఫ్లిక్స్ ఉదాహరణను వాడిన తీరు నాకు ప్రత్యేకంగా నచ్చింది. 2008 ఆగస్టులో వారి డేటాబేస్ పాడై, మూడు రోజుల పాటు చందాదారులకు డీవీడీలు పంపలేకపోయారు. అక్కడ మొదలైన క్లౌడ్ ప్రయాణం 2016 జనవరి నాటికి గాని పూర్తి కాలేదు. అంటే ఏడేళ్ళకు పైగా పట్టింది. ఈ కథను చాలామంది పెద్ద సంస్థ చేసింది కాబట్టి మనమూ చేద్దాం అన్న అర్థంలో చెబుతారు. బోధకురాలు మాత్రం మీకు ఏ మూడు రోజులు ఆగిపోయాయి, మీ దగ్గర ఏడేళ్ళు వెచ్చించగల మనుషులు ఎంతమంది ఉన్నారు అని అడిగారు. ఇతరుల నిర్ణయాన్ని కాక, వాళ్ళను ఆ నిర్ణయం వైపు నెట్టిన ఇబ్బందిని మన ఇబ్బందితో పోల్చుకునే పద్ధతిని ఆ ఒక్క ఉదాహరణతో అలవాటు చేశారు.

మూల్యం గురించి చెప్పిన అయిదో తరగతిలో లెక్కలు ఎక్కువ. ఒకే ప్రాసెస్‌లో ఒక ఫంక్షన్ మరో ఫంక్షన్‌ను పిలవడానికి కొన్ని నానోసెకన్లు చాలు. అదే పిలుపు ఒక డేటా సెంటర్ లోపల నెట్‌వర్క్ మీదుగా వెళ్ళి రావడానికి సుమారు అర మిల్లీసెకను పడుతుంది, అంటే తేడా లక్ష రెట్ల స్థాయిలో ఉంటుంది. ఒక్కో సర్వీసు 99.9 శాతం సమయం పనిచేస్తుందనుకుని, ఒక అభ్యర్థన పూర్తి కావడానికి అలాంటివి పది వరుసగా పనిచేయాలంటే, మొత్తం మీద దక్కేది 99 శాతమే. ముప్పై రోజుల నెలలో 43 నిమిషాల అంతరాయం కాస్తా ఏడు గంటలు దాటుతుంది. ప్రతి సర్వీసూ వందలో ఒక్కసారే నిదానిస్తుందనుకున్నా, పదింటిని తాకే అభ్యర్థనల్లో దాదాపు 9.6 శాతం ఏదో ఒక నిదానానికి చిక్కుకుంటాయి. నెట్‌వర్క్ ఎప్పుడూ నమ్మదగినదే, దానిలో జాప్యం ఉండదు అన్నవంటి అపోహల జాబితాను సన్ మైక్రోసిస్టమ్స్‌లో పీటర్ డాయిచ్ 1994లోనే కూర్చారు. ఆ జాబితాను ఆమె చదివి వినిపించకుండా, ఒక్కో అపోహనూ ఒక్కో లెక్కతో చూపించారు.

ఆ వారం ప్రయోగం ఇంకా బాగుంది. ఆర్డర్, సరకు నిల్వ, చెల్లింపు, సందేశాలు అనే నాలుగు సర్వీసులున్న ఒక చిన్న అప్లికేషన్ ఇచ్చి, చెల్లింపు సర్వీసులో కృత్రిమంగా రెండు సెకన్ల జాప్యం పెట్టమన్నారు. నిమిషం తిరగకుండానే ఆర్డర్ సర్వీసులో అభ్యర్థనలను నడిపే థ్రెడ్‌లన్నీ ఎదురుచూపులో చిక్కుకుని, చెల్లింపుతో సంబంధం లేని పేజీలు కూడా తెరుచుకోవడం మానేశాయి. అప్పుడు ఇంత సేపటికి మించి ఎదురుచూడవద్దనే టైమవుట్ పెట్టాం, విఫలమైతే మళ్ళీ ప్రయత్నించమని రాశాం. మూడు అంచెల్లో ఒక్కో అంచె మూడేసి సార్లు ప్రయత్నిస్తే అట్టడుగు సర్వీసు మీద ఒకే అభ్యర్థనకు 27 పిలుపులు పడతాయన్న సంగతి లాగ్‌లో కళ్ళారా చూసేవరకు నాకు తట్టలేదు. అలసిన సర్వీసును మన జాగ్రత్తే కూల్చేసింది. ఆ తర్వాత చెప్పిన సర్క్యూట్ బ్రేకర్ (వరుసగా విఫలమవుతున్న సర్వీసును కాసేపు పిలవకుండా ఆపడం), ప్రయత్నాల మధ్య విరామాన్ని పెంచుతూ పోవడం వంటి మెళకువలు ఎందుకు అవసరమో వివరించవలసిన పని ఎవరికీ లేకపోయింది.

నా లెక్కలో ఈ శిక్షణ మొత్తానికి మకుటం డేటా మీద జరిగిన ఏడో తరగతి. ఒకే డేటాబేస్ ఉన్నప్పుడు సరకు నిల్వ తగ్గించడం, డబ్బు తీసుకోవడం, ఆర్డర్ నమోదు చేయడం అన్న మూడు రాతలనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టవచ్చు. మూడూ జరుగుతాయి, లేదా ఏదీ జరగదు. ప్రతి సర్వీసుకూ సొంత డేటాబేస్ ఇచ్చిన క్షణంలో ఆ హామీ పోతుంది. దాని స్థానంలో సాగా అనే పద్ధతి వస్తుంది. హెక్టర్ గార్సియా మొలీనా, కెన్నెత్ సేలమ్ 1987లో దీర్ఘకాలం నడిచే ట్రాన్సాక్షన్ల కోసం ప్రతిపాదించిన ఆలోచన ఇది. ప్రతి అడుగుకూ దానిని సరిదిద్దే మరో అడుగును ముందే రాసి ఉంచాలి. డబ్బు తీసుకోవడం విఫలమైతే తగ్గించిన నిల్వను తిరిగి చేర్చాలి. వినడానికి ఇది తేలికగా ఉంటుంది కానీ, ప్రయోగంలో మేము నిల్వ తగ్గించిన తర్వాత, చెల్లింపుకు ముందు ప్రాసెస్‌ను బలవంతంగా ఆపేసినప్పుడు అసలు విషయం బయటపడింది. సరిదిద్దవలసిన ప్రోగ్రామే చనిపోయింది కాబట్టి ఆ సరకు ఎవరికీ అమ్ముడుపోకుండా, ఎవరికీ కనబడకుండా మిగిలిపోయింది. పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకోలేమని, కొన్ని అడుగులకు సరిదిద్దే అడుగు అనేదే ఉండదని కూడా అప్పుడే అర్థమైంది. ఒకే సందేశం రెండుసార్లు వచ్చినా డబ్బు ఒక్కసారే తీసుకునేలా ప్రతి చెల్లింపు కోరికకూ ఒక ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్యను జతచేయడం, నెల చివరి నివేదిక కోసం ఒకప్పుడు టేబుళ్ళను కలిపి చదివే ఒక్క జాయిన్‌తో వచ్చే సమాచారాన్ని నాలుగు చోట్ల నుంచి పోగుచేయడం, ఇవన్నీ విడదీసిన తర్వాత తలకెత్తుకోవలసిన శాశ్వతమైన పనులు. ఏ రెండు రాతలు తప్పనిసరిగా కలిసే జరగాలో వాటిని ఒకే సర్వీసులో, ఒకే డేటాబేస్‌లో ఉంచండి అని ఆమె ఇచ్చిన సలహాను మా జట్టు గోడ మీద రాసి పెట్టాను.

ఇంత మంచి తరగతిలో ఒక లోటు కూడా ఉంది. డేటాబేస్‌లో మార్పు రాయడం, ఆ మార్పు జరిగిందని మిగతా సర్వీసులు చదివే క్యూలోకి సందేశం పంపడం అనే రెండింటిలో ఒకటి జరిగి మరొకటి జరగకపోయే ప్రమాదానికి విరుగుడుగా ఔట్‌బాక్స్ అనే పద్ధతి ఉంది. సందేశాన్ని కూడా అదే ట్రాన్సాక్షన్‌లో ఒక టేబుల్‌లో రాసి, తర్వాత మరో ప్రోగ్రాము దానిని పంపిస్తుంది. రోజువారీ పనిలో అన్నింటికంటే ఎక్కువ తగిలే సమస్య ఇదే అయినా, దానికి పావుగంట కూడా కేటాయించలేదు, ప్రయోగమూ లేదు.

హద్దులు ఎక్కడ గీయాలన్న ఎనిమిదో తరగతిలో ఎరిక్ ఎవాన్స్ 2003లో ప్రచారంలోకి తెచ్చిన బౌండెడ్ కాంటెక్స్ట్ భావన ఉంది. ఒకే మాట వ్యాపారంలోని ఒక్కో విభాగంలో ఒక్కో అర్థం ఇస్తుంటే, ఆ అర్థం మారే చోటే సహజమైన హద్దు ఉంటుంది. అమ్మకాల విభాగానికి సరకు అంటే ధర, వర్ణన. గిడ్డంగికి సరకు అంటే బరువు, దానిని ఉంచిన అర సంఖ్య. ఇది చాలామందికి తెలిసిన విషయమే. నాకు కొత్తది ఆ తర్వాత ఇచ్చిన ఇంటిపని. మీ రిపోజిటరీలో గత ఆరు నెలల మార్పుల చరిత్ర తీసి, ఏయే ఫైళ్ళు ఎప్పుడూ కలిసే మారుతున్నాయో లెక్కపెట్టమన్నారు. మేము ఆర్డర్, ధర, తగ్గింపు అని మూడు సర్వీసులుగా విడదీసిన భాగాలు మూడింట రెండు వంతుల సందర్భాల్లో కలిసే మారాయి. వాటి మధ్య మేము గీసిన గీత మా బొమ్మల్లోనే ఉంది, పనిలో లేదు. ఏ సలహాదారూ అక్కర లేకుండా ఒక పూటలో ఎవరైనా చేసుకోగల పరీక్ష ఇది. విడదీయడానికి ముందే దీనిని చేసి ఉంటే మాకు మూడేళ్ళు మిగిలేవి.

విడదీసి మళ్ళీ కలిపిన వాళ్ళ ఉదాహరణలను కూడా దాచకుండా చెప్పారు. సెగ్మెంట్ సంస్థ సమాచారం చేరవేసే ఒక్కో గమ్యానికి ఒక్కో సర్వీసు పెట్టి, అవి 140 దాటిన తర్వాత చిన్న జట్టు వాటిని మోయలేక, అన్నింటినీ ఒకటిగా కలిపిన తీరును 2018లో బహిరంగంగా వివరించింది. మైక్రోసర్వీసుల మధ్య రాకపోకలను నిర్వహించడానికే పుట్టిన ఇస్టియో, తన నియంత్రణ భాగంలోని వేర్వేరు సర్వీసులను 2020 మార్చిలో వచ్చిన 1.5 వెర్షన్‌లో ఒకే ప్రోగ్రాముగా కలిపేసింది. వాటన్నింటినీ నడిపేది, రిలీజ్ చేసేది ఒకరే అయినప్పుడు విడిగా ఉంచడం వల్ల ఒరిగేదేమీ లేదన్నది వారి కారణం. అమెజాన్ ప్రైమ్ వీడియోలో ప్రసార నాణ్యతను గమనించే ఒక జట్టు తమ పనిని ఒకే ప్రాసెస్‌లోకి తెచ్చి ఖర్చును 90 శాతం తగ్గించుకున్నట్లు 2023లో రాసినప్పుడు, మైక్రోసర్వీసుల శకం ముగిసిందని చాలామంది ప్రకటించేశారు. అది మొత్తం ప్రైమ్ వీడియో కథ కాదని, ఒక జట్టు తన పరిధిలోని ఒక పనిని సరిదిద్దుకున్న కథ అని, పనిలోని అంచెలను సమన్వయం చేయడానికి, వీడియో ఫ్రేములను అంచె నుంచి అంచెకు చేరవేయడానికి అయిన ఖర్చులు అక్కడ ముఖ్య కారణమని బోధకురాలు ఓపికగా విడమరిచారు. తన వాదనకు అనుకూలంగా ఉన్న ఉదాహరణను కూడా అతిగా వాడుకోని ఆ నిజాయితీ వల్లే నేను ఆమె చెప్పిన మిగతా విషయాలను నమ్మాను.

ఎంతమంది ఉంటే మైక్రోసర్వీసులు అవసరమన్న ప్రశ్నకు ఆమె సంఖ్య చెప్పడానికి ఒప్పుకోలేదు. అది సరైన పనే. దానికి బదులుగా చూడవలసిన లక్షణాలను వివరించారు. ఒకరి మార్పు పూర్తి కాలేదని మరో జట్టు రిలీజ్ వారాల తరబడి ఆగుతోందా, ఒకే కోడ్‌బేస్‌లో జట్లు ఒకదాని కాలు మరొకటి తొక్కుతున్నాయా, వ్యాపారం హద్దులు కొంతకాలంగా నిలకడగా ఉన్నాయా అన్నవి అందులో ముఖ్యమైనవి. వ్యాపారం ఇంకా రూపు దిద్దుకోని కొత్త సంస్థ ముందే విడదీస్తే, ఊహ మీద గీసిన హద్దులు నెట్‌వర్క్ పిలుపులుగా గట్టిపడిపోతాయి. ఒకే ప్రోగ్రాములో తప్పు హద్దును చెరిపి మళ్ళీ గీయడం కొన్ని రోజుల పని అయితే, సర్వీసుల మధ్య అదే పని నెలలు తీసుకుంటుంది. దీనికి తోడు మనుషుల చేయి లేకుండా రిలీజ్ చేయగలగడం, ఒక అభ్యర్థన ఏయే సర్వీసుల గుండా వెళ్ళిందో చూపే ట్రేసింగ్, అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి చూసే బాధ్యత ఎవరిదో తెలిసి ఉండడం అన్నవి విడదీశాక కాదు, విడదీయడానికి ముందే ఉండాలి. తప్పనిసరిగా విడదీయవలసి వస్తే ఒక్కసారిగా తిరగరాయకుండా, పాత వ్యవస్థ ముందు ఒక ద్వారం పెట్టి ఒక్కో పనినే కొత్త సర్వీసుకు మళ్ళించే నెమ్మది పద్ధతిని చూపించారు.

ఇక ఫిర్యాదులు. తొమ్మిది, పది తరగతులను పూర్తిగా, సర్వీసులను అనేక యంత్రాల మీద నడిపే కుబెర్నెటీస్ అనే సాధనం అమరికకు వెచ్చించారు. ఎప్పుడు, ఎందుకు అన్న ప్రశ్నల మీద నిలబడిన శిక్షణలో అది దారి తప్పడమే. ఆ విషయం మీద వేరే మంచి శిక్షణలు ఎన్నో ఉన్నాయి. ఆ నాలుగు గంటలను పరీక్షల మీద పెట్టి ఉండవలసింది. ఒక సర్వీసు మరో దాని నుంచి ఏమి ఆశిస్తోందో ముందే ఒప్పందంగా రాసుకుని పరీక్షించే కాంట్రాక్ట్ టెస్టింగ్ లేకపోతే స్వతంత్రమైన రిలీజ్ అన్నది మాటగానే మిగిలిపోతుంది, అయినా దానిని ఒక స్లైడ్‌తో దాటేశారు. విడదీసిన వాటిని తిరిగి ఎలా కలపాలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. శిక్షణలో చేరిన వాళ్ళలో సగానికి పైగా నాలాగే ఇప్పటికే అతిగా విడదీసుకుని వచ్చినవాళ్ళు కాబట్టి, ఈ లోటును నిర్వాహకులు వెంటనే పూడ్చాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. ప్రశ్నలకు సహాయకులు ఒక రోజు లోపే సమాధానం ఇచ్చేవారు. ఆ విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఒక వ్యవస్థను కనీసం ఏడాది పాటు వాడుకలో నడిపి, రాత్రివేళ అది కూలితే లేపిన అనుభవం ఉన్నవాళ్ళకు ఈ శిక్షణ బాగా ఉపయోగపడుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు డేటా తరగతి బరువుగా తోచవచ్చు. జట్టు మొత్తాన్ని పంపలేకపోతే, కోడ్ రాసేవారితో పాటు జట్లను ఏర్పాటు చేసే అధికారం ఉన్నవారు ఒకరైనా చేరాలి, ఎందుకంటే ఇందులో తేలే నిర్ణయాల్లో సగం ఆ అధికారం లేనిదే అమలు కావు.

చివరి నివేదికలో నేను మా పదకొండు సర్వీసులను మూడుగా కలపాలని వాదించాను. సందేశాలు పంపేది, చిత్రాలను శుద్ధి చేసేది విడిగా ఉండి, మిగతా తొమ్మిదీ మాడ్యూళ్ళుగా ఒకే ప్రోగ్రాములో చేరాలని నా ప్రతిపాదన. బోధకురాలు దానిని ఆమోదిస్తూనే, ఏ పరిస్థితి మారితే ఈ నిర్ణయాన్ని మార్చుకుంటారో ఎక్కడా రాయలేదని గుర్తుచేసి వెనక్కి పంపారు. జట్టంతా కూర్చుని ఆ ఒక్క పేరా రాయడానికి రెండు రోజులు పట్టింది. చెల్లింపుల కోసం ప్రత్యేకంగా రెండో జట్టు ఏర్పడి, మా రిలీజ్ కోసం వాళ్ళు వరుసగా మూడు సార్లు ఆగవలసి వచ్చిన రోజున, చెల్లింపుల మాడ్యూల్ ఒక్కదానిని దాని టేబుళ్ళతో సహా బయటికి తీస్తామని అందులో రాసుకున్నాం. కలిపే పని ఇప్పుడు అయిదో సర్వీసు దగ్గర ఉంది, చిరునామాలో గడి చేర్చడం ఒకే రిపోజిటరీలో ఒకే మార్పుగా జరుగుతోంది.